నిండుకుండ చెప్పని లెక్క

ఏటా కృష్ణకు వరద వచ్చిన రోజుల్లో టీవీల్లో ఒక దృశ్యం తప్పదు. శ్రీశైలం గేట్లు లేస్తాయి, తెల్లటి నురగ లోయలోకి దూకుతుంది, తెర అడుగున అక్షరాలు పరుగెడతాయి: నిండుకుండలా శ్రీశైలం, 885 అడుగులకు చేరిన నీటిమట్టం. ఎత్తిపోతల నీళ్ల కోసం ఎదురుచూసే కల్వకుర్తి రైతుకు ఆ రాత్రి కాస్త నిద్ర పడుతుంది. ఆ వార్తలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

కానీ కుండ మారింది. ప్రాజెక్టు కట్టినప్పుడు ఆ 885 అడుగుల మట్టానికి పట్టే నీళ్లు 308 టీఎంసీలు. ఇప్పుడు అదే మట్టానికి పడుతున్నవి 215 టీఎంసీల చిల్లర. మిగిలిన చోటంతా నదులు మోసుకొచ్చిన పూడిక. దాదాపు 92 టీఎంసీల జాగా పోయింది. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు అని చెబితే ఎవరికీ ఏమీ తట్టదు కాబట్టి ఇలా చెప్పుకుందాం: జూరాల జలాశయం మొత్తం పట్టేది పది టీఎంసీల లోపే. శ్రీశైలం అడుగున తొమ్మిది జూరాలలకు సరిపడే చోటు మట్టిపాలైంది. దిగువన నాగార్జునసాగర్‌దీ అదే కథ. 590 అడుగుల దగ్గర ఒకప్పుడు 408 టీఎంసీలు, ఇప్పుడు 312.

వార్తల్లో ఇప్పుడు "పూర్తి సామర్థ్యం 215.8 టీఎంసీలు" అనే రాస్తున్నారు. అదీ నిజమే. ఎవరూ ఏదీ దాచలేదు. సర్వే చేశారు, కొత్త అంకె వేశారు, పాత అంకెను పక్కన పెట్టారు. "పూర్తి" అనే మాట మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. దాని అర్థంలో దాదాపు మూడో వంతు కరిగిపోయిందన్న సంగతి ఏ తెర మీదా పరుగెత్తలేదు.

పర్యావరణ సంక్షోభం గురించి జనానికీ పాలకులకీ నిజం చెప్పడం ఎలా అన్న చర్చ వస్తే మనం వెంటనే పుకార్ల మీద విరుచుకుపడతాం. వాట్సాప్‌లో తిరిగే చెత్తను తిట్టడం తేలిక. నాకు అంతకంటే ఎక్కువ భయం ఈ రెండో రకమంటేనే: అంకె సరైనదే, మాట పరిచయమైనదే, రెండింటి మధ్య నుంచి అసలు సంగతి జారిపోతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అలా జారిపోయిన సంగతులు చాలా ఉన్నాయి. (ఇక్కడ జిల్లాలంటే పాత ఉమ్మడి జిల్లాలే. 2016లో వాటిని ముక్కలు చేశారు గానీ, కరువుకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.)

పేరులోనే తిరకాసు

తెలుగులో "వాతావరణం" అనే ఒక్క మాటకు చాకిరీ ఎక్కువ. ఈ పూట మబ్బు పట్టిందా లేదా అన్నదీ వాతావరణమే, భూమిని చుట్టుకున్న గాలిపొరా వాతావరణమే, ముప్పై ఏళ్ల ఎండవానల తీరూ వాతావరణమే. ఇంట్లో ఇద్దరు మాట్లాడుకోకపోతే అదీ వాతావరణమే. ముప్పై ఏళ్ల తీరుకు బడి పుస్తకాల్లో "శీతోష్ణస్థితి" అనే మాట ఉంది గానీ, పరీక్ష రాసి బయటికొచ్చాక దాన్ని మళ్లీ పలికినవాళ్లను నేను చూడలేదు. అందుకే "వాతావరణ మార్పు" అనగానే ఊళ్లో పెద్దాయన నవ్వుతాడు. "వాతావరణం మారనిదెప్పుడు? నిన్న ఎండ, ఇవాళ మబ్బు" అంటాడు. ఆయన తప్పేమీ లేదు. మనం చేతికిచ్చిన మాటకు సరైన అర్థమే చెప్పాడు.

"జీవవైవిధ్యం" గతి ఇంకా విచిత్రం. 2012 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య ఒప్పందపు పదకొండో సదస్సు హైదరాబాద్‌లో జరిగింది. ప్రపంచం నలుమూలల నుంచి ప్రతినిధులు వచ్చి రోజుల తరబడి చర్చించారు. ఇవాళ ఆ మాట జనం నోట ఎక్కువగా వినిపించేది గచ్చిబౌలిలో ఒక కూడలి పేరుగా. "బయోడైవర్సిటీ దగ్గర ఇరుక్కుపోయాను, అరగంట పడుతుంది" అని ఫోనులో చెప్పే మనిషికి కప్పలూ తుమ్మెదలూ గుర్తుకు రావు.

మరి మన దగ్గర మాటలే లేవా అంటే, దండిగా ఉన్నాయి. పాలమూరులో వానలు బాగా పడితే "కాలమైంది" అంటారు. పడకపోతే "కాలం కాలేదు" అంటారు. వాన, పంట, ఆ ఏటి బతుకు, కూలికి వలసపోయే ముంబయి బస్సు ఎక్కాలా వద్దా అన్న నిర్ణయం, అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఇక కార్తెలున్నాయి. ఏడాదికి 27, ఒక్కొక్కటి 13, 14 రోజులు. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ, మృగశిరకు విత్తనం, ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయన్న ఆశ. శీతోష్ణస్థితి అంటే ఇదే కదా: ఏ పక్షంలో ఆకాశం ఏం చేయాలో తరతరాలుగా కూడబెట్టుకున్న అంచనా.

ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత, పరిశ్రమలు రాకముందు కాలంతో పోలిస్తే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ. ఈ వాక్యం శాస్త్రవేత్తకు పిడుగులాంటిది. 42 డిగ్రీల ఎండలో ఉపాధి హామీ పనికి పోయివచ్చిన మనిషికి ఒకటిన్నర డిగ్రీ అంటే నీడలోకి ఒక అడుగు. సగటులో సముద్రాలు కూడా ఉన్నాయని, నేల వాటికంటే వేగంగా వేడెక్కుతోందని, సగటు కాస్త జరిగితే కొసలు చాలా దూరం దూకుతాయని విడమరిచి చెబితే తప్ప ఆ అంకెకు బరువు రాదు. అదే "కార్తె తప్పుతోంది" అని చూడండి. వెంటనే అర్థమవుతుంది. అంతకంటే వేగంగా ఎదురు ప్రశ్న వస్తుంది: ఏ కార్తె? ఎన్నేళ్లుగా? ఎంత తేడా? అది మంచి ప్రశ్న. జవాబు చెప్పాలంటే మండలాల వాన లెక్కను జూన్, జూలై అని కాకుండా మృగశిర, ఆరుద్ర అని కూర్చాలి. కార్తెలు ఇంగ్లీషు తేదీల్లో ఏటా దాదాపు ఒకే రోజున మొదలవుతాయి కాబట్టి అది ఒక గుమస్తా వారం రోజుల్లో చేయగల పని.

"సాధారణ" వర్షపాతం

వానాకాలం ముగిశాక జిల్లాకు ఒక తీర్పు వస్తుంది: సాధారణ వర్షపాతం నమోదైంది. ఈ మాట వెనుక భారత వాతావరణ శాఖ పెట్టుకున్న కొలత ఉంది. సగటుకు 19 శాతం అటూ ఇటూ ఎంత పడినా అది సాధారణమే. 20 నుంచి 59 శాతం తగ్గితే లోటు, 60 దాటి తగ్గితే తీవ్ర లోటు. ఒకచోట సగటు 500 మిల్లీమీటర్లు అనుకుంటే, 405 పడినా సాధారణమే, 595 పడినా సాధారణమే. మధ్యలో ఉన్న 190 మిల్లీమీటర్ల తేడా చెరువు అలుగు పారడానికీ పశువులను సంతకు తోలడానికీ ఉన్న తేడా.

అదైనా మొత్తం మీద లెక్క. రెండున్నర మిల్లీమీటర్లు పడితే దాన్ని వానరోజు అంటారు. నలభై వానరోజుల్లో పడిన 500కూ, నాలుగు రాత్రుల్లో కుమ్మరించిన 500కూ రిజిస్టరులో తేడా లేదు. ఎర్ర చెల్క నేలకు ఉంది. చెల్క నీళ్లను ఎక్కువ కాలం పట్టి ఉంచలేదు. రెండు వారాలు ఎండ కాస్తే మొలక వాడుతుంది, మూడో వారం రైతు రెండోసారి విత్తనాల దుకాణానికి వెళ్తాడు. రైతు కొలిచేది పదును. జానెడు లోతు తడిసిందా, బెత్తెడేనా అన్నది. అధికారి కొలిచేది మిల్లీమీటరు. ఈ రెండు కొలతలూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే, సాధారణ వర్షపాతం ఉన్న సంవత్సరంలో పంట పోయిన రైతు చెప్పేది అధికారికి అతిశయోక్తిలాగా, అధికారి చెప్పేది రైతుకు అబద్ధంలాగా వినిపిస్తాయి.

ఇంకో మెలిక ఉంది. పోల్చడానికి వాడే సగటు కూడా కదులుతూ ఉంటుంది. దేశం మొత్తానికి నైరుతి రుతుపవనాల సగటును వాతావరణ శాఖ 1951–2000 లెక్కతో 89 సెంటీమీటర్లుగా చెప్పేది. 1961–2010కి వచ్చేసరికి అది 88. ఇప్పుడు వాడుతున్న 1971–2020 సగటు 87. శ్రీశైలంలో "పూర్తి" కిందికి దిగినట్టే ఇక్కడ "సాధారణం" ఒక్కో మెట్టు దిగింది. దీన్ని చూసి, చూశారా భూతాపం అని కేకలు వేయబోతే మాత్రం ఆగాలి. రుతుపవనాలకు దశాబ్దాల తరబడి సాగే తడి దశలూ పొడి దశలూ సహజంగానే ఉన్నాయని, ఈ తగ్గుదల అందులో భాగమని వాతావరణ శాఖ వివరించింది. మన వాదనకు పనికొచ్చే అంకె దొరికినప్పుడు దాని పక్కనున్న ఈ వివరణను మింగేయడం కూడా పూడికే.

ఎండ విషయంలోనూ ఇంతే. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతేనే వడగాలి అంటారు. లేదా ఏకంగా 45 తాకాలి. నల్లగొండలో మే నెలలో 41, 42 మామూలే. అంటే ఇక్కడ 44 డిగ్రీల రోజు బులెటిన్‌లో వడగాలి కాకుండానే గడిచిపోవచ్చు. 2015 మే నెలాఖరులో దేశంలో రెండు వేల మందికి పైగా ఎండకు చనిపోతే, వాళ్లలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే. మేస్త్రీలు, గొర్రెల కాపరులు, వృద్ధులు. ఒంటికి తగిలే ఎండ నిర్వచనం చదువుకొని రాదు.

480 నామినేషన్లు

పాలకులకు చెప్పడం అనే విషయానికి వస్తే, నల్లగొండ దగ్గర దేశంలో చాలా అరుదైన అనుభవం ఉంది.

ఈ జిల్లా గ్రానైటు రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. వాటి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లను చిన్నప్పటి నుంచి తాగితే పళ్ల మీద గార, ఆ తరువాత కీళ్లు బిగుసుకోవడం, ఎముకలు వంగిపోవడం. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి పల్లెల్లో ఇది తెలియని ఇల్లు లేదు. శాస్త్రం ఎప్పుడో తేల్చింది. 1970లలోనే నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతిని తయారుచేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. ఇథియోపియాలో, టాంజానియాలో దాన్ని వాడి చూశారు. ఊరి పేరు ఆఫ్రికా చేరింది, ఊరికి మంచినీళ్లు చేరలేదు.

నివేదికలు చాలలేదా అంటే, నివేదికలకు కొదవే లేదు. మహజర్లు ఇచ్చారు, ధర్నాలు చేశారు. చివరికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో రైతులు, ఫ్లోరైడ్ బాధితులు వరుసకట్టి నామినేషన్లు వేశారు. బరిలో నిలిచిన వాళ్లు 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా వేయవలసి వచ్చింది. ఫ్లోరైడ్ గురించి ఎన్నడూ వినని వాళ్లు కూడా నల్లగొండలో ఏం జరుగుతోంది అని అడిగారు.

నా దృష్టిలో సంక్షోభాన్ని పాలకులకు చెప్పడంలో ఇంతకు మించిన పాఠం లేదు. అయితే ఆ పాఠానికి రెండో పేజీ ఉంది, దాన్ని సాధారణంగా ఎవరూ తిప్పరు. అదే ఏడు తమిళనాడులోని మొడకురిచిలో వెయ్యి మందికి పైగా, కర్ణాటకలోని బెళగావిలో నాలుగు వందల మందికి పైగా ఇలాగే పోటీ చేశారు. వ్యవస్థ వెంటనే స్పందించింది. లోక్‌సభకు పోటీ చేసే సాధారణ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి పదివేలకు పెంచింది. మాట చెవిన పడింది గానీ, విన్న చెవి ఎన్నికల నిర్వహణది. దానికి వినిపించిన సమస్య బ్యాలెట్ పత్రం పొడవు. నీళ్ల సమస్య వినవలసిన చెవి వేరే గదిలో ఉంది. పైపులైన్లు, రక్షిత మంచినీటి పథకాలు, ఆ తరువాత 2016లో ప్రారంభమైన ఇంటింటి నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథ దాకా ఆ గది తలుపు తట్టడం ఆగలేదు.

2020లో కేంద్ర జలశక్తి శాఖ లెక్కల్లో తెలంగాణలోని ఫ్లోరైడ్ ఆవాసాల సంఖ్య సున్నాకు చేరింది. ఇది నిజమైన విజయం; దాన్ని చిన్నబుచ్చడం అన్యాయం. కానీ ఆ సున్నా లెక్కపెట్టింది తాగునీటి సరఫరాను. భూగర్భంలోని నీళ్లలో ఫ్లోరైడ్ అలాగే ఉంది. నల్లా రాని రోజున మళ్లీ బోరు కొట్టేది ఆ నీళ్లనే. వంగిన ఎముకలు సున్నా వేసినంత మాత్రాన లేచి నిలబడవు. "ఫ్లోరైడ్ పోయింది" అన్న వాక్యాన్నీ "తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఇప్పుడు రావడం లేదు" అన్న వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది సభలో చప్పట్లు తెస్తుంది. రెండోది నల్లా ఆగకుండా చూసే బాధ్యతను గుర్తుచేస్తుంది.

అవకాశం ఉంది

ప్రపంచ వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ తన నివేదికల్లో ప్రతి మాటకూ ఒక అంకె కట్టింది. "జరగవచ్చు" అంటే నూటికి 66 పాళ్లకు పైన. "చాలావరకు జరగవచ్చు" అంటే 90కి పైన. "దాదాపు ఖాయం" అంటే 99కి పైన. తెలుగులోకి వచ్చేసరికి ఇవన్నీ ఒకే గంగాళంలో పడి "అవకాశం ఉంది" అయిపోతాయి. మన బులెటిన్లలో చిరుజల్లులు పడే అవకాశం ఉంది, వరద ముంచెత్తే అవకాశం ఉంది, మంత్రివర్గ విస్తరణ జరిగే అవకాశం కూడా ఉంది. పదింట తొమ్మిదిసార్లు జరిగేదాన్నీ పదింట మూడుసార్లు జరిగేదాన్నీ ఒకే గొంతుతో చెబితే, వినేవాడు రెండింటినీ ఒకేలా కొట్టిపారేస్తాడు. తెలుగులో "పదింట తొమ్మిది" అనే మాట చక్కగా ఉంది. రూపాయికి పన్నెండణాలు అని కూడా అనేవాళ్లం. వాడకపోవడానికి కారణం కనిపించదు.

2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా, తుంగభద్రలు ఒక్కసారిగా పొంగాయి. శ్రీశైలంలోకి గరిష్ఠంగా 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. ఆ ప్రాజెక్టు తట్టుకోవాలని లెక్కగట్టిన వరద కంటే అది ఎక్కువ. అవతల కర్నూలు నగరం, ఇవతల పాలమూరు జిల్లాలో అలంపూర్, రాజోలి మునిగాయి. ఇలాంటిది ఎన్నో తరాలకు ఒకసారి వస్తుందని అప్పుడు ఓదార్చుకున్నారు. ఇక్కడే చిక్కు. "వందేళ్ల వరద" అంటే ఒకసారి వచ్చిందంటే మళ్లీ వందేళ్లు నిశ్చింత అని కాదు. ఏ ఏడాదికి ఆ ఏడాది నూటికి ఒక పాలు వచ్చే అవకాశమని అర్థం. ముప్పై ఏళ్ల అప్పు మీద ఒడ్డున ఇల్లు కట్టుకుంటే, అప్పు తీరేలోపు ఆ వరద కనీసం ఒకసారి ఇంట్లోకి వచ్చే అవకాశం నూటికి 26. నాలుగింట ఒక వంతు. అదీ నది పాత పద్ధతిలోనే నడుచుకుంటే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. పాత రికార్డులతో వేసిన వందేళ్ల లెక్క ముందుకు ఎంతవరకు నిలుస్తుందో ఇంజినీర్లకే అనుమానం.

ఇక్కడ తిరగేసి చెప్పవలసిన మాట ఒకటి ఉంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో సూర్యాపేట, కోదాడ ప్రాంతాల్లో కుంభవృష్టి పడింది. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఇలాంటివి జరిగిన మర్నాడు "అంతా వాతావరణ మార్పుల ప్రభావం" అన్న ప్రకటన సిద్ధంగా ఉంటుంది. వానను కుండపోతగా మార్చడంలో వేడెక్కిన గాలికి పాత్ర ఉంటుంది. కాలువ కట్ట బలహీనతలో, వాగు దారిలో లేచిన ప్లాట్లలో, పూడిక తీయని తూములో దాని పాత్ర లేదు. ఇరవై ఏళ్లుగా భూతాపం గురించి చెప్పమని మొత్తుకున్నాం. తీరా చెప్పడం మొదలుపెట్టాక అది కొందరికి గొడుగులా ఉపయోగపడుతోంది. ఏ నష్టంలో ఆకాశం వాటా ఎంత, ఆఫీసు వాటా ఎంత అని విడదీయని మాట ఎంత ఆకుపచ్చగా ఉన్నా నమ్మకండి.

అడవి అంటే ఏది

మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 700 ఏళ్లని చెప్పుకుంటారు. 2017 డిసెంబరులో దాని కొమ్మ విరిగింది; చూస్తే కొమ్మల్లో చెదలు. సందర్శకులను ఆపేశారు. మరుసటి ఏడాది కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆసుపత్రి మంచం మీద తాతను చూసినట్టు జనం కదిలిపోయారు. ఒక చెట్టు గురించి చెప్పడానికి అంతకంటే గొప్ప బొమ్మ దొరకదు.

ఆ సీసాలు చూపించలేనిది ఇంకొకటి ఉంది. భారత అటవీ సర్వే లెక్కలో ఒక హెక్టారుకు తగ్గని నేల మీద కొమ్మల నీడ పది శాతం ఉంటే చాలు, అది అటవీ విస్తీర్ణమే. చెట్టు ఏదైనా, పట్టా ఎవరిదైనా సరే. నీలగిరి తోటా అందులో ఉంటుంది, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యమూ అందులోనే ఉంటుంది. 2015లో తెలంగాణలో మొక్కలు నాటే ప్రభుత్వ పథకం హరితహారం మొదలైనప్పుడు పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచుతామన్నారు. ఎన్ని మొక్కలు నాటారో ప్రతి సమీక్షలో వినిపించింది. మూడో వేసవి దాటి ఎన్ని బతికాయన్నది అంత గట్టిగా వినిపించలేదు.

చెట్లు లేని ప్రకృతి సంగతి మరీ దారుణం. నారాయణపేట వైపు కృష్ణా, మాగనూరు మండలాల్లో కృష్ణజింకలు తిరిగే గడ్డినేలలు, కురుమలు నల్ల గొర్రెలను మేపుకొనే గైరాన్లు, తుప్పలతో నిండిన గుట్టలు, వీటిలో చాలావాటికి ప్రభుత్వ పటాల్లో పేరు బంజరు. బంజరంటే ఖాళీ, ఖాళీ అంటే ఎవరికైనా ఇవ్వవచ్చు. అక్కడ సౌర పలకలు పరిచినా, మొక్కలు నాటినా అది అభివృద్ధి ఖాతాలోనే పడుతుంది. గొంగడి నేసే ఉన్ని ఎక్కడి గడ్డి తిన్న గొర్రెదో ఆ పటంలో ఉండదు. జింకలేమో మేత తగ్గి చేలలోకి వస్తాయి, అప్పుడు వార్త "పంటలపై జింకల దాడి".

2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మీద గొడవ వచ్చినప్పుడు జనం కదిలారు, సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అప్పుడు ఎవరూ "జీవవైవిధ్యం" అనలేదని కాదు. కానీ జనం నోట నిలిచింది చెంచులు, పులి, కృష్ణలో కలిసే నీళ్లు.

మిర్యాలగూడలో చెప్పగలమా

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఎంతో కొంత తేలిక, ఎందుకంటే తప్పు వేరేవాళ్లది. అసలు పరీక్ష మన జేబు దగ్గర.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చింది. ఎండిన బత్తాయి తోటలకు ట్యాంకర్లతో నీళ్లు పోసిన నల్లగొండ రైతుకు అది ఏమిటో హైదరాబాద్‌లో కూర్చుని తూకం వేయడం కుదరదు. అదే సమయంలో, మన కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు నిలిచేది పైనున్న మెత్తని పొరలోనూ పగుళ్లలోనూ మాత్రమే. ఏటా ఇంకిన దానికంటే ఎక్కువ తోడితే పొదుపు ఖాతా లేని ఇల్లు అవుతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల ఫ్లోరైడ్ కూడా పెరుగుతుంది. నిలవ నీటి వరి మడి నుంచి మీథేన్ వస్తుంది. ఆరుతడి పెడితే నీళ్లూ తగ్గుతాయి, మీథేనూ తగ్గుతుంది. ఈ మాటలు మిర్యాలగూడ రైస్ మిల్లుల మధ్య నిలబడి చెప్పగల నాయకుడెవరు? దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం వచ్చింది. మన ఎత్తిపోతల మోటార్లకు ఆ కరెంటూ కావాలి, ఆ పొగ లెక్కా మనదే.

దీనికి పక్కన ఇంకో నిజం పెట్టాలి. భారతీయుడి తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏటా రెండు టన్నుల చుట్టూ, ప్రపంచ సగటు నాలుగు దాటి ఉంటుంది. కూలీలను పోగుచేసి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట ముంబయి వెళ్లి అపార్టుమెంట్లు కట్టే పాలమూరు కూలీ వాటా ఆ రెండులో ఎంత? రెండు నిజాల్లో మనకు నచ్చిన ఒక్కదాన్నే చెప్పే అలవాటు ఇటు పర్యావరణవాదులకూ ఉంది, అటు ప్రభుత్వాలకూ ఉంది. వినేవాళ్లు రెండూ మోయలేరన్న అనుమానం దాని వెనుక ఉందనుకుంటాను. కరువులో బిడ్డల పెళ్లిళ్లు చేసిన మనుషులు ఆ మాత్రం మోయలేరా?

మా మేనమామ దేవరకొండ దగ్గర చెల్కలో పత్తి వేస్తాడు. ఇదంతా నేను ఒక సాయంత్రం ఆయన ముందు ఏకరువు పెట్టాను. కార్తెలు, సగటులు, పదింట తొమ్మిది, అన్నీ. ఓపిగ్గా విన్నాడు. తరువాత అడిగాడు:

"అవన్నీ సరే అల్లుడూ. నిన్న రాత్రి వాన పడింది. విత్తనం పెట్టమంటావా, ఆగమంటావా?"

"ఎంత పడింది మామా?"

"మండలంలో ఇరవై రెండు మిల్లీమీటర్లని ఫోనులో వచ్చింది."

పత్తికి మొత్తం 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అదే చెప్పాను. వచ్చే వారం పడుతుందా అని అడిగాడు. పదింట నాలుగు అన్నాను, అంతకు మించి ఎవరికీ తెలియదని కూడా అన్నాను. ఆయన లేచి గడ్డపార తీసుకుని చేలోకి నడిచాడు. రెండు చోట్ల గుచ్చి, మట్టిని వేళ్లతో నలిపి చూశాడు. పైన బెత్తెడు తడి, కింద పొడి.

విత్తన ప్యాకెట్లు ఆ రాత్రి కూడా ఇంట్లో అటక మీదే ఉన్నాయి.